ఇంజన్లో దూరిన తిట్టు

మా బావ గొంతు గురించి ముందు చెప్పాలి. అక్క మొగుడు కాబట్టి ఆయన్ని ఆటపట్టించే హక్కు నాకుంది గాని, ఇప్పుడు చెప్పేది ఆటకి కాదు. ఒడియా పల్లెల నడుమ ఉన్న పురుషోత్తంపూర్‌లో ఆయన తన ఇంజన్ రిపేరు షెడ్డులో నిలబడి మాట్లాడితే రోడ్డు అవతల టీ కొట్టువాడు జవాబు చెప్పేవాడు. ఇంట్లో ఆయన ఫోన్ మాట్లాడుతుంటే మా అక్క "ఫోనెందుకు, ఊరికే మాట్లాడు, ఆళ్ళకినిపిస్తాది" అనేది. పెళ్ళిచూపుల్లోనే ఆ గొంతు విని మా అమ్మ బెదిరిపోయిందట. మా నాన్న మాత్రం, ఇంజన్ల మధ్య బతికేవాడు మెల్లగా మాట్లాడితే ఎవరికి వినపడుతుందని సర్దిచెప్పాడట.

ఆ షెడ్డు ముందు గదిలో స్పేర్ పార్టుల కొట్టు నాది. మా పుట్టింటివాళ్ళు బరంపురంలో తరాలుగా ఇనుప సామాను అమ్ముకునేవాళ్ళు, ఆ అలవాటు నన్నూ వదల్లేదు. పొద్దున్నే బస్సెక్కి వస్తాను. బేరింగులు, బెల్టులు, ఆయిల్ సీళ్ళు అమ్ముకుంటాను. నా కొట్టుకీ ఆయన షెడ్డుకీ మధ్య చెక్క గోడ, గోడకో కిటికీ. ఇన్నేళ్ళుగా ఆ కిటికీలోంచి చూస్తూ వచ్చాను, ఇంకా విసుగు పుట్టలేదు.

బావ వినయవంతుడు కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. తనని తాను పొగుడుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. "ఇంజన్ ఇప్పడం ఎవడైనా ఇప్పుతాడే మరదలా. ఇప్పకండా సెప్పాల. అదీ పనంటే" అంటాడు. నాకు ఒళ్ళు మండుతుంది. మండినా ఒప్పుకోక తప్పదు, ఎందుకంటే ఆయన నిజంగానే విప్పకుండా చెబుతాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంటాడు. ఒక చోట విని ఇంకో చోటికి జరుపుతాడు. ఆయిల్ చుక్క రెండు వేళ్ళ మధ్య రాసి వాసన చూస్తాడు, డీజిల్ కలిసిందో లేదో చెప్పేస్తాడు. పొగ నల్లగా వస్తే ఒక మాట, తెల్లగా వస్తే ఇంకో మాట.

ఇక విప్పడం మొదలుపెడితే, అది చూడాలి. గోనె పట్టా పరిచి, విప్పిన బోల్టులన్నీ విప్పిన వరసలోనే పేరుస్తాడు. ఆ పట్టా అంచు తొక్కినవాడికి ఆ రోజు మూడినట్టే. కొత్త బేరింగుని సుత్తితో బాది ఎక్కించేవాళ్ళని చూస్తే ఆయనకి ఒళ్ళు తెలియని కోపం. తనైతే దాన్ని నూనెలో వేడి చేసి, గుడ్డతో పట్టుకుని, ఇరుసు మీదికి అలా జారవిడుస్తాడు. చప్పుడు కూడా కాదు. అంత పెద్ద గొంతున్న మనిషి చేతులు అంత మెత్తగా ఎలా కదులుతాయో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సెల్‌ఫోన్లు వచ్చాక ఆయన పని దూరాలకి పాకింది. పోలసర వైపు పొలాల్లో మిషన్ ఆగితే దాన్ని ఇంత దూరం లాక్కురావడం ఎవరి తరం? అందుకని ఫోన్ చేస్తారు. "ఫోన్ ఇంజన్ కాడెట్టు" అని అరుస్తాడు బావ. అవతల రైతు ఫోన్‌ని ఇంజన్ పక్కన పెడతాడు. ఈయన ఇవతల ఒక చెవి మూసుకుని వింటాడు. విని, ముందు రైతుని తిడతాడు, తర్వాత రోగం చెబుతాడు, ఏ నట్టు ఎంత తిప్పాలో చెబుతాడు, ఇంజన్ అందుకున్నాక మళ్ళీ తిట్టి ఫోన్ పెట్టేస్తాడు. ఆ తిట్లన్నీ ఒడియాలోనే. ఒడియా అని ఆయన అంటాడు గాని అది సగం ఒడియా, సగం మన తెలుగు.

ఆ భాషతోనే ఒక గమ్మత్తు జరిగింది. డీజిల్ ఇంజన్‌కి టాంకు అడుగంటితే పైపులోకి గాలి దూరుతుంది. తర్వాత ఎంత డీజిల్ పోసినా ఇంజన్ కాసేపు మూలిగి ఆగిపోతుంది. ఫిల్టర్ మీది చిన్న నట్టు వదులు చేసి, నురగ పోయి డీజిల్ తేటగా వచ్చేదాకా ఆ గాలి వదిలెయ్యాలి. ఒడియాలో గాలిని పొబొన అంటారు. మన గాలికి దగ్గరగా గాళి అనే మాట ఒకటుంది, దానర్థం తిట్టు. బావకి అవేమీ పట్టవు. చాలా ఏళ్ళ కిందట పోలసర నుంచి ట్రాక్టర్ తెచ్చిన ఒక పెద్ద రైతుతో "ఇంజిన్‌రె గాళి పొశిచి" అన్నాడు. అంటే ఇంజన్లో తిట్టు దూరిందని. ఆ పెద్దాయన కాసేపు ఆలోచించి, నిజమే మిస్త్రీ బాబూ, పొద్దున్న మా ఆవిడ దీన్ని నానా తిట్లూ తిట్టింది, అన్నాడు.

షెడ్డులో ఉన్నవాళ్ళు పడి పడి నవ్వారు. ఒడియా మీడియంలో చదువుకున్నదాన్ని, నేను కిటికీలోంచి సరైన మాట అందించాను. బావ వినలేదు. "నా ఇంజన్‌కి నాను పెట్టుకున్న పేరది" అన్నాడు. ఆ పెద్దాయన ఊరెళ్ళి కథలు కథలుగా చెప్పినట్టున్నాడు. కొన్నాళ్ళకి ఒడియా రైతులే ఫోన్ చేసి, మిస్త్రీ బాబూ, గాళి పట్టినట్టుంది, తీసెయ్యమంటారా అని అడగడం మొదలుపెట్టారు. నేను దాన్ని భాషకి పట్టిన తెగులుగా లెక్కేసి ఊరుకున్నాను.

పోయిన కోతల ముందు బావ గొంతు బొంగురుపోయింది. జలుబన్నాడు. మిరియాల పాలు తాగాడు. రానురాను మాట సగంలో తెగిపోయేది. అక్క పోరు పడలేక బరంపురంలో గొంతు డాక్టరుకి చూపించుకున్నాడు, తోడు నేను వెళ్ళాను. అరిచి అరిచి స్వరపేటికలో కాయ పెరిగిందన్నాడు డాక్టరు. ప్రమాదమైనది కాదు గాని తీసెయ్యాలన్నాడు. తీశాక తను మళ్ళీ చూసేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుస కూడా పనికిరాదు, గట్టిగా అరిస్తే మాత్రం మానుతున్నచోట చిట్లిపోతుంది, ఆ తర్వాత గొంతు వస్తుందని చెప్పలేనన్నాడు.

తిరుగు బస్సులో బావ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. పంట పసుపు తిరుగుతోంది. అప్పుడన్నాడు, ఆ తెగిపోయే గొంతుతోనే.

"ఆపరేసన్‌కి బయ్యం లేదే. పోలసర రైతుకి నానంటే ఏటి? ఒట్టి గొంతే గదా. నా మొకం సగం మంది సూడనేదు. రేపు గొంతు మారిపోతే ఆళ్ళకి నానెవర్ని?"

"పిచ్చి మాటలాడకు బావా. నీ పనితనం ఎక్కడికి పోతాది?"

"పనితనం ఫోన్లోంచి కనిపించదు" అన్నాడు.

 జీవితంలో మొదటిసారి ఆయన మీద జాలి వేసింది, అది నాకే నచ్చలేదు.

ఆపరేషన్ అయింది. సరిగ్గా కోతలు జోరుగా సాగే వేళకి బావ మూగవాడై షెడ్డులో కూర్చున్నాడు. షెడ్డు మూసేసి ఇంట్లో పడుకోమంటే అక్కమీద కళ్ళెర్రజేశాడు. ఫోన్ మోగుతూనే ఉంది. చివరికి నేనే కిటికీ వదిలి లోపలికి వెళ్ళి ఫోన్ ఎత్తి, స్పీకర్‌లో పెట్టి, ఆయన ముందు బల్ల మీద ఉంచాను. రాసి చూపించొచ్చు కదా అంటారేమో. చేతులకి ఎప్పుడూ గ్రీజే. పైగా ఈయన రాసేలోగా అవతల ఇంజన్ ఆగిపోతుంది.

అలా ఆయనకి నేను నోరయ్యాను. ఆయన సైగ చేసేవాడు, నేను శుద్ధమైన ఒడియాలో మర్యాదగా చెప్పేదాన్ని. రెండు వేళ్ళు ఎడమకి తిప్పితే నట్టు వదులు చెయ్యమని. పిడికిలి బిగిస్తే బిగించమని. అరచేతిలోకి ఊదితే పైపులో గాలి. బొటనవేలితో నుదురు కొట్టుకుంటే రైతుని తిట్టమని. ఆ చివరిది నేను మింగేసేదాన్ని. అది కనిపెట్టి ఆయన సుత్తితో బల్ల మీద బాదేవాడు.

ఆ రోజుల్లోనే ఆయన ఎలా వింటాడో నాకు తెలిసింది. కిటికీలోంచి చూసినన్నాళ్ళూ అది ఏదో విద్యలా కనిపించింది గాని, పక్కన కూర్చుంటే అదంతా ఓపికే. ఫోన్లో మిషన్ రొద వస్తుంటే నాకు అంతా ఒకటే గోల. ఆయన మాత్రం ముందు ఫాన్ చప్పుడుని పక్కకి తీసేసేవాడు, తర్వాత బెల్టు, తర్వాత పక్కన మాట్లాడే మనుషులు. వేలితో ఒక్కొక్కటీ గాలిలో నెట్టేసి చూపించేవాడు. అన్నీ పోగా మిగిలింది వినమనేవాడు. ఒక మధ్యాహ్నం నాకు నిజంగానే వినిపించింది, టకటకల మధ్య ఒక్క టక ఆలస్యంగా రావడం. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. బావ నా వైపు చూసి, నాకు అంతకు ముందెప్పుడూ దక్కని ఒక తల ఊపు ఊపాడు. ఆ రోజంతా నాకు అన్నం కూడా సహించలేదు, అంత సంతోషం.

రైతులకి మాత్రం తృప్తి లేదు. ఒకాయన నన్ను వాళ్ళ మాటలో అక్కా అని పిలిచి అనేశాడు, "అపా, మీరు చెప్పినట్టే చేశాం, ఇంజన్ నడుస్తోంది. కానీ మిస్త్రీ బాబు తిట్టకపోతే బాగైనట్టు అనిపించడం లేదు." మిస్త్రీ బాబు ఎక్కడున్నాడు, ఇంకొకరిని పెట్టుకున్నాడా, వేరే ఊరు వెళ్ళిపోయాడా అని అడిగేవాళ్ళు. నేను ఆపరేషన్ సంగతి చెప్పేదాన్ని. కొందరు నమ్మేవారు. బావ ఆ ప్రశ్నలన్నీ వింటూ పానాలు తుడుస్తూ ఉండేవాడు. మాట్లాడాలని ఆయన గొంతు కదలడం నాకు కనిపించేది. పెదాలు తెరుచుకుంటే చాలు, నేను చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. ఇన్నేళ్ళ అలవాటు ఒక్కసారి జారితే చాలు, ఆ గొంతు ఇక లేనట్టే.

జారే రోజు రానే వచ్చింది. మబ్బు పట్టిన మధ్యాహ్నం పోలసర వైపు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. మొగుడు సూరత్ మిల్లులో ఉన్నాడట. పవర్ టిల్లర్‌కి బెల్టు వేసి నూర్పు మిషన్ నడుపుతున్నారు, కళ్ళం నిండా పనలు, పడమటి దిక్కు నల్లగా ఉంది. టిల్లర్ లేచి పడి, లేచి పడి, ఆగిపోయింది. ఎప్పుడూ ఇంజన్ ముట్టుకోలేదట. గొంతులో ఏడుపు ఆపుకుంటోంది. బావ సైగ చేశాడు, టాంకు అడుగంటిందా అని. అవును, డబ్బాలో ఉన్నది ఇప్పుడే పోశానంది. ఆయన అరచేతిలోకి ఊదాడు.

నేను చక్కగా, పుస్తకంలో ఉన్నట్టు చెప్పాను. పొబొన దూరింది, నట్టు వదులు చేసి ఆ పొబొన తీసెయ్యమ్మా, అన్నాను. ఆవిడ అలాగేనంది. చిన్న పానా తెచ్చానంది. కాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత ఫోన్లోంచి స్స్స్ మని పొడుగ్గా ఒక చప్పుడు వచ్చింది.

నాకు అర్థం కాలేదు. బావకి అయింది. ఆవిడ టిల్లర్ టైరులో గాలి తీసేస్తోంది! పొబొన అంటే ఆవిడకి తెలిసింది టైరులో ఉండే పొబొనే. బావ స్టూలు తన్నుకుని లేచాడు. ఛాతీ నిండా ఊపిరి పీల్చాడు. మెడ నరాలు ఉబ్బాయి, నోరు తెరుచుకుంది. నేను చచ్చాననుకున్నాను. అంతలో రెండు చేతులూ నోటి మీద వేసి అదిమేసుకున్నాడు. ముఖమంతా నల్లటి గ్రీజు, కళ్ళమ్మట నీళ్ళు. అదిమిన చేతుల మీంచి నా వైపు చూసిన ఆ చూపు నేను మరిచిపోలేను. అరిస్తే గొంతు పోతుంది, అరవకపోతే ఆవిడ పంట తడిసిపోతుంది.

నేను ఫోన్ అందుకున్నాను. నా మర్యాదా, నా శుద్ధ ఒడియా ఎటుపోయాయో తెలియదు. బావ భాషలో, బావ వరసలో, టీ కొట్టువాడు తిరిగి చూసేలా అరిచాను.

"టైరు వదిలెయ్! తెలివి తక్కువదానా, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు! పొబొన కాదు, గాళి! ఇంజిన్‌రె గాళి పొశిచి!"

అవతల స్స్స్ ఆగిపోయింది. 

"ఓ, గాళి కి? గాళేనా?" అంది ఆవిడ, ఏడుపు పోయిన గొంతుతో. "ఆ మాట ముందే చెప్పాలి కదా అపా! గాళి అయితే మా ఆయన తియ్యగా చూశాను."

ఆవిడ పానాతో ఫిల్టర్ మీది నట్టు వదులు చేసింది. ఫోన్ దగ్గరగా పెట్టమన్నాను. బుడబుడమని నురగ రావడం మా ఇద్దరికీ వినిపించింది. బావ చెయ్యెత్తి ఆగమన్నాడు. నేను ఆగమన్నాను. బుడబుడ పలచబడింది, ఇంకొంచెం ఆగాడు. ఆ చప్పుడు పూర్తిగా పోయాక పిడికిలి బిగించాడు. బిగించెయ్, అని అరిచాను. కళ్ళంలో ఉన్న ఆడవాళ్ళు ఇద్దరు కలిసి హేండిల్ తిప్పారు. ఒకసారి అందుకోలేదు. మళ్ళీ తిప్పారు. టిల్లర్ దగ్గి, దగ్గి, నిలదొక్కుకుంది. సగం గాలి పోయిన టైరుతోనే నిలబడి మిషన్ తిరిగింది, ధాన్యం రాలే చప్పుడు కూడా వినిపించింది.

"మిస్త్రీ బాబు చేత తిట్టించుకున్నట్టే ఉంది" అంది ఆవిడ, పెద్దగా నవ్వుతూ. బావ గోడకి ఆనుకుని, భుజాలు ఎగిరేలా, శబ్దం లేకుండా నవ్వాడు. నేను కూలబడి మంచినీళ్ళు తాగాను. నా గొంతు మండిపోతోంది. ఈ మనిషి రోజూ ఇలాగే అరిచాడా, ఇంతమంది కోసం? అనుకున్నాను.

డాక్టరు మళ్ళీ చూసిన రోజు అక్క కూడా వచ్చింది. గాయం మానిందన్నాడు, ఏదైనా మాట్లాడమన్నాడు. బావ మాట్లాడడు. బిక్కమొహం వేసుకుని అక్కని చూస్తాడు, నన్ను చూస్తాడు. "ఏటి, పలకవేటి?" అని అక్క కసిరింది. అప్పుడు పలికాడు. "పలుకుతన్నాను గదా" అన్నాడు. సన్నటి గొంతు, పక్కింటి పెద్దాయనెవరో మెల్లగా పిలిచినట్టుంది. దానికి మించి ఇక రాదని, అరవాలని ఎప్పుడూ చూడొద్దని డాక్టరు చెప్పాడు. అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడొచ్చని గుర్తుండి కూడా.

మర్నాడు షెడ్డులో ఫోన్ మోగింది. నేను కిటికీ దగ్గరే ఉన్నాను, లోపలికి వెళ్ళలేదు. బావ చేతులు తుడుచుకుని, కాసేపు దాన్ని మోగనిచ్చి, అలవాటు ప్రకారం స్పీకర్‌లోనే ఎత్తాడు. అవతల నీళ్ళ ఇంజన్ హోరు, దాని మీద ఒక రైతు కేకలు.

"ఎవరు? ఎవరు మాట్లాడేది? మిస్త్రీ బాబుకివ్వు!"

"నేనే" అన్నాడు బావ.

"నువ్వు కాదయ్యా, మిస్త్రీకివ్వు! ఆయన గొంతు నాకు తెలీదా?"

బావ కళ్ళు దించుకున్నాడు. ఫోన్ నాకు అందిస్తాడేమోననుకుని, చెయ్యి చాపడానికి కూడా సిద్ధపడ్డాను. ఇవ్వలేదు. ఒక చెవి మూసుకుని, రెండో చెవికి ఫోన్ అదిమి, ఆ హోరు వినడం మొదలుపెట్టాడు. వేలు గాలిలో కదిలింది, ఒకటి పక్కకి నెట్టాడు, ఇంకొకటి నెట్టాడు. అవతల ఆయన కేకలు వేస్తూనే ఉన్నాడు. అప్పుడు బావ ఆ సన్నటి గొంతుతో, తన అతుకుల బొంత ఒడియాలో చెప్పాడు, దిమ్మకి బిగించిన బోల్టుల్లో వెనకది ఊడింది, ఇంజన్ గెంతుతోంది, నువ్వు నీ ఇష్టానికి బెల్టు లాగి బిగించావు, అందుకే ఊడింది.

కేకలు ఆగాయి. ఇంజన్ హోరు ఒక్కటే మిగిలింది. 

"మిస్త్రీ బాబూ?" అన్నాడు అవతలి మనిషి. ఆ తర్వాత ఫోన్ పక్కకి తిప్పి ఎవరితోనో గట్టిగా అరిచాడు. "ఒరే, మన మిస్త్రీయేరా! గొంతు చిన్నదైపోయింది, వినపడట్లేదు! ఇంజన్ ఆపండి, ఇంజన్ ఆపండి!"

ఇంజన్ ఆగింది. అవతల పొలంలో పిట్టల అరుపులు కూడా మాకు వినిపించాయి.

"ఇప్పుడు చెప్పండి" అన్నాడు రైతు.